వాటర్ కూలింగ్ ఉన్నా ప్రాసెసర్ వేడి ఎగుడుదిగుడుగా ఉంటే: కారణాన్ని వరుసగా పట్టుకోవడం ఎలా

"ఏమీ చేయకపోయినా 42 దగ్గర ఉన్నది ఒక్కసారిగా 66కి పోతోంది, వెంటనే దిగుతోంది. వాటర్ కూలర్ పోయినట్టేనా?" ఈ ప్రశ్న నాకు పదేపదే వస్తోంది. దాని వెనకే ఇంకొకటి: "నిన్న గేమ్‌లో 70, ఇవాళ అదే గేమ్‌లో 85. పేస్ట్ మార్చాలా?"

రెండూ వేడి గురించే. కానీ రెండిటి కారణాలు వేరు. చాలామంది మాత్రం రెండిటికీ ఒకటే చేస్తారు: కూలర్ విప్పడం, పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే ముద్ద) మార్చడం, మళ్లీ బిగించడం. దయచేసి ఆ పని చివరికి పెట్టుకోండి. కూలర్ విప్పగానే పాత పరిస్థితికి ఉన్న ఆధారమంతా పోతుంది. పంప్ వైరు తప్పు చోట ఉండటమే కారణమైతే, ఎంత మంచి పేస్ట్ వేసినా లాభం ఉండదు.

వేడి ఎంత పెరిగిందో అందరూ చూస్తారు. ఎంతసేపట్లో పెరిగిందో చూడాలి. కారణం అక్కడ దొరుకుతుంది.

## 1. ముందుగా ఇది నిజంగా సమస్యేనా?

ఇప్పటి ప్రాసెసర్లు పని రాగానే క్షణంలో వేగం, వోల్టేజ్ పెంచుకుంటాయి. బ్రౌజర్ తెరిచినా, ఒక ఫైల్ అన్‌జిప్ చేసినా ఒకటి రెండు కోర్లు పూర్తి వేగానికి వెళ్తాయి. అప్పుడు 10 నుంచి 20 డిగ్రీలు ఎగిరి, రెండు మూడు సెకన్లలో దిగడం మామూలే. ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్లలో ఇది మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

గరిష్ఠ పరిమితి కూడా మోడల్‌ను బట్టి మారుతుంది. రైజెన్ 9 7950ఎక్స్ పూర్తి లోడ్‌లో (పూర్తి పని ఒత్తిడిలో) 95 డిగ్రీల దాకా వెళ్లేలాగే తయారైంది. రైజెన్ 7 7800ఎక్స్3డీ పరిమితి 89 డిగ్రీలు. ఇంటెల్ 12, 13 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఎక్కువ వాటికి అది 100 డిగ్రీలు. మీ మోడల్ పరిమితి ఎంతో తయారీదారు పేజీలో చూసి రాసి పెట్టుకోండి.

ఈ కిందివాటిలో ఏ ఒక్కటి ఉన్నా వెతకాల్సిన కారణం ఉన్నట్టే:

- ఏ పనీ లేకుండా పది నిమిషాలు వదిలినా వేడి మెల్లగా పెరుగుతూనే ఉంది
- అదే పని, అదే గది వేడి, అయినా రోజుకీ రోజుకీ 8 నుంచి 10 డిగ్రీల తేడా
- లోడ్ పెట్టిన ఒకటి రెండు సెకన్లలోనే పరిమితిని తాకి, వేగం పడిపోతోంది
- పంప్ దగ్గర గరగర, నీళ్లు గుటకలు వేస్తున్నట్టు చప్పుడు
- ఇదివరకు లేనిది ఈ మధ్యే మొదలైంది

ఇవేవీ లేకుండా కేవలం ఎగిరి దిగుతుంటే నేరుగా 4వ మెట్టుకు వెళ్లండి. మీ కూలర్ బాగానే ఉండి ఉంటుంది.

## 2. కొలిచే ఏర్పాటు

ఈ మెట్టు దాటేసినవాళ్లే వారం తర్వాత మళ్లీ మొదటికి వస్తారు. అరగంట పడుతుంది, అంతే.

కావలసినవి:

- హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సెన్సర్ ప్రోగ్రామ్ ఒకటి
- సినీబెంచ్ లేదా ఓసీసీటీ లాంటి లోడ్ ప్రోగ్రామ్
- గది వేడి చూడటానికి మామూలు థర్మామీటర్
- కాగితం, పెన్ను

ఒకేసారి రెండు మూడు సెన్సర్ ప్రోగ్రామ్‌లు నడపకండి. కూలర్ కంపెనీ సాఫ్ట్‌వేర్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో రెండూ ఒకే సెన్సర్‌ను అడిగితే అప్పుడప్పుడు తప్పు అంకెలు వస్తాయి. ఒక్క సెకనుకు 0 లేదా 127 లాంటి వింత అంకె కనిపించి పోతే దాన్ని పట్టించుకోవద్దు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో మామూలుగా 2 సెకన్లకోసారి చదువుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 500 మిల్లీసెకన్లకు మార్చండి. లాగింగ్ ఆన్ చేస్తే ప్రతి అంకె ఫైల్‌లో నమోదవుతుంది. మనకు కావలసినవి ఐదే: ప్రాసెసర్ ప్యాకేజ్ (మొత్తం చిప్) వేడి, ప్యాకేజ్ పవర్ వాట్లలో, కూలెంట్ (కూలర్ లోపలి నీరు) వేడి, దానికి సెన్సర్ ఉంటే, పంప్ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో), రేడియేటర్ (ఆ నీటిని చల్లార్చే భాగం) ఫ్యాన్ల ఆర్‌పీఎం.

ఇప్పుడు పరీక్ష:

1. కంప్యూటర్ ఆన్ చేసి, అన్ని ప్రోగ్రామ్‌లూ మూసి, 15 నిమిషాలు అలా వదిలేయండి.
2. గది వేడి రాసుకోండి. రేడియేటర్‌లోకి గాలి వెళ్లే చోట కొలిస్తే ఇంకా మంచిది.
3. సినీబెంచ్ మల్టీకోర్ పరీక్షను 20 నిమిషాలు ఆగకుండా నడపండి.
4. లోడ్ ఆపండి. ఆపిన 5వ సెకనులో ప్రాసెసర్ వేడి ఎంతుందో చూడండి.
5. ఇంకో 10 నిమిషాలు లాగింగ్ కొనసాగించండి.

నాలుగో పని ఎందుకంటే, చాలా కూలర్లలో కూలెంట్ సెన్సర్ ఉండదు. లోడ్ ఆగగానే ప్రాసెసర్ వేడి ఒకటి రెండు సెకన్లలో నీటి వేడికి దగ్గరగా దిగిపోతుంది, కానీ నీరు మాత్రం ఇంకా వేడిగానే ఉంటుంది. కాబట్టి 5వ సెకను అంకె నీటి వేడి కన్నా కొన్ని డిగ్రీలు మాత్రమే ఎక్కువ. పనిలేనప్పుడు కూడా 30, 40 వాట్లు తీసుకునే ప్రాసెసర్లలో ఈ తేడా కాస్త పెరుగుతుంది. కచ్చితమైన అంకె రాదు గానీ, ఈరోజుకీ రేపటికీ పోల్చుకోవడానికి సరిపోతుంది.

## 3. పెరిగిన వేగం ఏం చెబుతోంది

లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడి చేయడానికి సుమారు 4,180 జౌళ్లు కావాలి. ప్రాసెసర్ ఇచ్చే 200 వాట్లూ ఆ నీటిలోనే ఉండిపోయినా, ఒక్క డిగ్రీ పెరగడానికి దాదాపు 21 సెకన్లు పడుతుంది. ఏఐఓ కూలర్లలో (అన్నీ కలిపి మూసేసి అమ్మే రెడీమేడ్ వాటర్ కూలర్లలో) నీరు లీటరు కన్నా చాలా తక్కువే, అయినా ఒక్క సెకనులో 20 డిగ్రీలు పెరగడం జరగని పని.

అంటే సెకన్లలో జరిగే మార్పుకు నీరు, రేడియేటర్, ఫ్యాన్లు కారణం కావు. అది ప్రాసెసర్ లోపలి సంగతి, లేదా ప్రాసెసర్‌కూ కోల్డ్ ప్లేట్‌కూ (ప్రాసెసర్ మీద ఆనే కూలర్ లోహపు పలకకూ) మధ్య ఉన్న సంగతి.

- సెకన్లలో ఎగిరి దిగుతోంది: బూస్ట్ (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం), బ్యాక్‌గ్రౌండ్ పనులు, పవర్ సెట్టింగ్స్. 4వ మెట్టు.
- లోడ్ పెట్టగానే పరిమితిని తాకుతోంది: బిగింపు, పేస్ట్, లేదా పంప్ ఆగిపోవడం. ముందు 5, తర్వాత 8.
- 5 నుంచి 30 నిమిషాల్లో మెల్లగా ఎక్కుతోంది: నీటి వేడి. పంప్, రేడియేటర్, గాలి. 5, 6, 7.
- కెరటంలా కొన్ని నిమిషాలకోసారి ఎక్కి దిగుతోంది: పంప్ వేగం మారుతోంది లేదా బుడగలు తిరుగుతున్నాయి. 5, 6.
- రోజులు, నెలల్లో పెరుగుతూ వచ్చింది: గది వేడి, దుమ్ము, ఎండిన పేస్ట్, లోపల పేరుకున్న మడ్డి. 7, 8, 9.

ఇప్పుడు మీ లాగ్ నుంచి రెండు తేడాలు లెక్కపెట్టండి. మొదటిది ప్రాసెసర్ వేడి లోంచి కూలెంట్ వేడి తీసేయగా మిగిలేది. రెండోది కూలెంట్ వేడి లోంచి గది వేడి తీసేయగా మిగిలేది.

ఉదాహరణకు 200 వాట్ల దగ్గర గది 27, కూలెంట్ 37, ప్రాసెసర్ 77 అనుకుందాం. మొదటి తేడా 40, రెండోది 10. ఇంకో రోజు అదే 200 వాట్ల దగ్గర గది 27, కూలెంట్ 46, ప్రాసెసర్ 86 వచ్చింది. మొదటి తేడా ఇంకా 40 మీదే ఉంది. అంటే పేస్ట్, బిగింపు చెక్కు చెదరలేదు. నీరు చల్లబడటం లేదు, అంతే.

అదే కూలెంట్ 37 దగ్గరే ఉండి ప్రాసెసర్ 90కి వెళ్తే, రేడియేటర్ శుభ్రం చేయడం వృథా శ్రమ. తప్పు ప్రాసెసర్ మీదే ఎక్కడో ఉంది.

వాట్లు కూడా తప్పకుండా పోల్చండి. నిన్న 140 వాట్లు, ఇవాళ 210 వాట్లు తీసుకుంటే వేడి పెరగక తప్పదు. కూలర్‌కు దానితో సంబంధం లేదు.

## 4. సెకన్లలో ఎగిరేవాటికి: సాఫ్ట్‌వేర్, బయోస్

టాస్క్ మేనేజర్‌ను ప్రాసెసర్ వాడకం వరుసలో పెట్టి ఐదు నిమిషాలు చూస్తూ ఉండండి. యాంటీవైరస్ స్కాన్, విండోస్ అప్‌డేట్, లైట్ల సాఫ్ట్‌వేర్, గేమ్ లాంచర్లు ఎక్కువగా దొరుకుతాయి.

పవర్ ప్లాన్ "బ్యాలెన్స్‌డ్"లో ఉందో లేదో చూడండి. "హై పెర్ఫార్మెన్స్"లో మినిమమ్ ప్రాసెసర్ స్టేట్ 100 శాతం అవుతుంది. దాంతో ఖాళీగా ఉన్నప్పుడు కూడా వేగం దిగదు.

తర్వాత బయోస్ (విండోస్ మొదలయ్యే ముందు తెరుచుకునే బోర్డ్ సెట్టింగ్స్). చాలా మదర్‌బోర్డులు తమంతట తామే పవర్ పరిమితులు పెంచేస్తాయి. కోర్ ఐ9 13900కేకి ఇంటెల్ చెప్పిన గరిష్ఠ టర్బో పవర్ 253 వాట్లు. బోర్డ్ దాన్ని తీసేస్తే 300 కూడా దాటగలదు. బయోస్ అప్‌డేట్ తర్వాతే వేడి మొదలైందని చెప్పేవాళ్లలో చాలామందికి కారణం ఇక్కడే దొరుకుతుంది: సెట్టింగ్స్ మొదటికి పోయాయి, పాత పరిమితులు చెరిగిపోయాయి.

- ఇంటెల్ అయితే పీఎల్1, పీఎల్2 (ఎక్కువసేపు, కొద్దిసేపు తీసుకోగల పవర్ పరిమితులు) విలువలు తయారీదారు చెప్పినంతకే పెట్టండి
- రైజెన్ అయితే పీబీఓ (అదనపు బూస్ట్ సెట్టింగ్) ఆపి ఒకసారి పరీక్షించండి, లేదా ఎకో మోడ్ (పవర్ తగ్గించే సెట్టింగ్) పెట్టండి
- వోల్టేజ్ తగ్గించాలంటే కర్వ్ ఆప్టిమైజర్‌లో (రైజెన్ బోర్డుల బయోస్‌లో వోల్టేజ్ సర్దే సెట్టింగ్‌లో) కొద్దికొద్దిగా దించుతూ, ప్రతిసారీ స్థిరత్వం పరీక్షించండి

ఇక ఫ్యాన్ల గోల. ప్రాసెసర్ వేడి ఎగిరినప్పుడల్లా ఫ్యాన్లు కూడా ఎగిరి పడుతుంటే, వేడి కన్నా ఆ చప్పుడే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. ఫ్యాన్ కర్వ్‌ను (ఏ వేడికి ఎంత వేగమో చెప్పే సెట్టింగ్‌ను) ప్రాసెసర్ వేడికి కాకుండా కూలెంట్ వేడికి ముడిపెట్టండి. ఆ సెన్సర్ లేకపోతే బయోస్‌లో ఫ్యాన్ స్పందించే ఆలస్యాన్ని 5 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ పెట్టండి. నీరు వేడెక్కేది మెల్లగానే కాబట్టి ఈ ఆలస్యం వల్ల నష్టం లేదు.

## 5. పంప్

నేను స్వయంగా ఎక్కువ కాలం పోగొట్టుకున్నది ఇక్కడే. నా కంప్యూటర్‌లో వేడి కెరటంలా ఎక్కి దిగుతుండేది. పేస్ట్ రెండుసార్లు మార్చాను. చివరికి లాగ్‌లో పంప్ ఆర్‌పీఎం వరుస చూస్తే, అది కూడా అదే కెరటంలో కదులుతోంది. పంప్ వైరు మామూలు ఫ్యాన్ హెడర్‌లో (బోర్డ్ మీద ఫ్యాన్ వైరు గుచ్చే చోట) ఉంది. కంప్యూటర్ చల్లగా ఉన్నప్పుడు బోర్డ్ దాన్ని ఫ్యాన్ అనుకుని వేగం తగ్గించేసేది. వైరు మార్చిన రోజే సమస్య పోయింది. అందుకే లాగ్‌లో ఆ వరుస ఉండాల్సిందేనని పట్టుబడుతున్నాను.

- పంప్ వైరు బోర్డ్ మీద పంప్ కోసమే ఉన్న హెడర్‌లో ఉందా?
- ఆ హెడర్ బయోస్‌లో పూర్తి వేగంలో ఉందా? కనీసం మారని ఒకే వేగంలో ఉందా?
- పంప్‌కు కరెంటు సాటా వైరు (పవర్ సప్లై నుంచి వచ్చేది) ద్వారా వెళ్తోందా? అలాగైతే హెడర్ వైరు చాలా మోడళ్లలో ఆర్‌పీఎం చూపడానికే. సాటా వైరు గట్టిగా కూర్చుందో లేదో చూడండి
- లాగ్ పొడుగునా ఆర్‌పీఎం నిలకడగా ఉందా? మధ్యలో 0 వచ్చిందా?

ఆర్‌పీఎం బాగున్నంత మాత్రాన నీరు కదులుతోందని కాదు. లోపల దారి మూసుకుపోయినా పంప్ తిరుగుతూనే ఉంటుంది. పూర్తి లోడ్‌లో రెండు ట్యూబులనూ చేత్తో పట్టుకుని చూడండి. నిమిషానికి లీటరు నీరు కదిలినా, 200 వాట్ల దగ్గర రెండు ట్యూబుల మధ్య తేడా 3 డిగ్రీల లోపే. చేతికి పెద్దగా తెలియదు. ఒకటి బాగా వేడిగా, ఇంకొకటి చల్లగా అనిపిస్తే నీరు సరిగ్గా పారడం లేదు.

పంప్ పూర్తిగా ఆగిపోయినట్టు అనిపిస్తే లోడ్ పరీక్షలు మానేయండి.

## 6. గాలి బుడగలు

ఏఐఓలో ఎంతో కొంత గాలి ఉంటుంది. అది తప్పు కాదు. ఆ గాలి ఎక్కడ చేరుతుందన్నదే ముఖ్యం. గాలి ఎప్పుడూ అన్నిటికన్నా ఎత్తైన చోటికి పోతుంది. ఆ చోటు రేడియేటర్ ట్యాంక్ కావాలి, పంప్ కాకూడదు.

- రేడియేటర్ పైకప్పుకు ఉంటే అన్నిటికన్నా మేలు
- ముందు వైపు నిలువుగా ఉంటే దాని పై అంచు పంప్ కన్నా ఎత్తులో ఉండాలి. ట్యూబులు కింది వైపుకు వచ్చేలా పెడితే చప్పుడు కూడా తగ్గుతుంది
- అడుగున రేడియేటర్, పైన పంప్ ఉంటే గాలి మొత్తం పంప్‌లోకే చేరుతుంది. దీన్ని మార్చక తప్పదు

బుడగలు తీయాలంటే పంప్ నడుస్తుండగా క్యాబినెట్‌ను మెల్లగా ముందుకూ వెనక్కూ, పక్కలకూ 30 డిగ్రీల దాకా వంచి, ప్రతి వైపూ కాసేపు ఆపండి. గుటకల చప్పుడు వచ్చి క్రమంగా తగ్గుతుంది. లోపల తిరిగే హార్డ్ డిస్క్ ఉంటే ముందే కంప్యూటర్ ఆపి దాని వైర్లు తీసేయండి. తిరుగుతున్న డిస్క్‌ను వంచితే డేటా పోవచ్చు. బరువైన గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే దాన్ని కూడా తీసేస్తే మంచిది.

కస్టమ్ లూప్ (విడి భాగాలతో మనమే కట్టుకున్న వాటర్ కూలింగ్) అయితే 24 పిన్ జంపర్ ప్లగ్ (బోర్డ్ లేకుండానే పవర్ సప్లైని ఆన్ చేసేది) పెట్టి, పంప్‌కు మాత్రమే కరెంటు ఇచ్చి, రిజర్వాయర్ మూత వదులు చేసి బుడగలు ఆగేదాకా నడపండి. మట్టం తగ్గితే నింపండి. ఒక్క క్షణం కూడా పంప్ పొడిగా తిరగకూడదు. పంప్‌కు నూనె లాంటిది ఆ నీరే.

## 7. రేడియేటర్, ఫ్యాన్లు, గాలి దారి

ముందు ఒక తేలిక పరీక్ష. 20 నిమిషాల లోడ్ మీద ఉన్నప్పుడు క్యాబినెట్ పక్క తలుపు, ముందు ప్యానెల్ తీసేయండి. పది పదిహేను నిమిషాల్లో కూలెంట్ 4, 5 డిగ్రీలు దిగితే గాలి దారే మీ సమస్య.

ఫ్యాన్ దిశ చాలామంది తప్పు పెడతారు. మోటారును పట్టుకుని ఉండే ప్లాస్టిక్ కాళ్లు ఏ వైపు ఉంటాయో గాలి అటు బయటికి వెళ్తుంది. రేడియేటర్ మీది ఫ్యాన్లన్నీ ఒకే దిశలో ఉన్నాయా? సన్నని కాగితం ముక్క దగ్గర పెట్టి చూడండి.

గేమ్‌లో మాత్రమే వేడెక్కి, సినీబెంచ్‌లో బాగుంటే అనుమానం గ్రాఫిక్స్ కార్డ్ మీద. పైన ఉన్న రేడియేటర్ గుండా గాలి బయటికి పోతుంటే, కార్డ్ వదిలిన వేడి గాలే ఆ రేడియేటర్‌కు అందుతుంది. ముందు నుంచి చల్లగాలి తెచ్చే ఫ్యాన్లు పెంచండి. అది చాలకపోతే రేడియేటర్‌ను గాలి లోపలికి వచ్చే వైపుకు మార్చండి. అప్పుడు కార్డ్ కాస్త వేడెక్కవచ్చు, దాన్ని కూడా కొలిచి నిర్ణయించండి.

దుమ్ము ఎక్కువగా ఫ్యాన్‌కూ రేడియేటర్‌కూ మధ్య చాపలా పేరుకుంటుంది. బయటి నుంచి చూస్తే కనిపించదు. ఫ్యాన్లు విప్పి, గాలి వెళ్లే దిశకు ఎదురుగా ఊదండి. రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

గది వేడి సంగతి మాత్రం సూటిగా ఉంటుంది: గది 6 డిగ్రీలు పెరిగితే నీరు కూడా సుమారు 6 డిగ్రీలు పెరుగుతుంది. అందుకే రెండో తేడా లెక్కపెట్టమన్నది.

## 8. బిగింపు, పేస్ట్

మొదటి తేడా పెరిగిందని లాగ్ చెబితేనే ఇక్కడికి రండి.

ఇంటెల్‌లో ఒక్కో కోర్ వేడి విడిగా చూడండి. కోర్ల మధ్య 5 నుంచి 10 డిగ్రీల తేడా మామూలు. 15 దాటితే ఒక వైపు సరిగ్గా ఆనలేదని అనుమానించండి. ఎల్‌జీఏ 1700 సాకెట్‌లో (ఇంటెల్ 12, 13 తరాలది) పట్టీ మధ్యలో నొక్కడం వల్ల ప్రాసెసర్ మూత కొద్దిగా వంగుతుంది. ఆ పట్టీ బదులు కాంటాక్ట్ ఫ్రేమ్ అనే చట్రం వేస్తే అది తగ్గుతుంది. ఏఎం5 ప్రాసెసర్లలో (రైజెన్ 7000 తరం లాంటివాటిలో) వేడి పుట్టే చిప్లెట్లు (మూత కింది చిన్న చిప్‌లు) మధ్యలో ఉండవు, ఒక పక్కకు ఉంటాయి. మీ కూలర్‌కు ఆఫ్‌సెట్ బ్రాకెట్ (కూలర్‌ను ఆ పక్కకు జరిపేది) ఉంటే వాడండి.

విప్పి బిగించే వరుస:

1. ఐదు నిమిషాలు లోడ్ నడిపి పేస్ట్‌ను మెత్తబడనివ్వండి. తర్వాత కంప్యూటర్ ఆపి, కరెంటు వైరు తీయండి.
2. స్క్రూలు ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా వదులు చేయండి.
3. కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి, అప్పుడు ఎత్తండి. ఏఎం4లో (పాత రైజెన్ సాకెట్‌లో) నేరుగా లాగితే ప్రాసెసర్ సాకెట్ నుంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి.
4. తుడిచే ముందు పేస్ట్ అచ్చును ఫోటో తీయండి. ఎక్కడ మందంగా ఉందో అక్కడ ఒత్తిడి చాలలేదు. ఎక్కడ అసలు అంటలేదో అక్కడ తాకనే లేదు.
5. కోల్డ్ ప్లేట్ మీద ప్లాస్టిక్ పొర మిగిలిందేమో చూడండి. కొత్తగా బిగించిన కంప్యూటర్లలో ఇది నిజంగా జరుగుతుంది.
6. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడిచి ఆరనివ్వండి.
7. పేస్ట్ వేయండి. పెద్ద మూత ఉన్న ప్రాసెసర్లకు మధ్యలో ఒక్క చుక్క చాలదు. గుణకారం గుర్తులా వేయండి, లేదా పలచగా పరచండి.
8. నాలుగు స్క్రూలూ చేత్తో పట్టించి, ఎదురెదురు మూలల్లో అర తిప్పు చొప్పున, ఆగేదాకా బిగించండి.

సాకెట్‌కు తగిన స్టాండాఫ్‌లే (కూలర్‌ను బోర్డ్ మీద నిలిపే చిన్న స్తంభాలు) వాడారా అని ఇంకోసారి చూడండి. పాత ఇంటెల్ సాకెట్ల స్టాండాఫ్‌లు ఎల్‌జీఏ 1700లో వాడితే స్క్రూ గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, ప్లేట్ మాత్రం సరిగ్గా ఆనదు.

## 9. లోపల పేరుకున్న మడ్డి

కొత్త పేస్ట్ వేసినా మొదటి తేడా తగ్గలేదు, పంప్ ఆర్‌పీఎం బాగుంది, ట్యూబుల మధ్య వేడి తేడా చేతికి తెలుస్తోంది. అప్పుడు కోల్డ్ ప్లేట్ లోపలి సన్నని గాళ్లు మూసుకుపోయి ఉంటాయి.

కస్టమ్ లూప్ అయితే బ్లాక్ విప్పి, మెత్తని టూత్‌బ్రష్, డిస్టిల్డ్ వాటర్‌తో గాళ్ల వెంబడే శుభ్రం చేయండి. మెత్తని ట్యూబుల నుంచి ఊడే ప్లాస్టిసైజర్, రంగు కూలెంట్ల మడ్డి, నాచు ఇక్కడే చేరతాయి. కుళాయి నీరు వాడకండి. రాగి బ్లాక్, అల్యూమినియం రేడియేటర్ ఒకే లూప్‌లో ఉంటే తుప్పు ఆగదు, రెండిటిలో ఒకటి మార్చాలి. కూలెంట్‌ను ఏడాదికోసారి మార్చండి.

ఏఐఓను మాత్రం ఇంట్లో విప్పమని నేను చెప్పను. వారంటీ ఉంటే మీ లాగ్ ఫైల్, పేస్ట్ అచ్చు ఫోటో, ట్యూబుల సంగతి జతచేసి పంపండి. అంకెలతో వెళ్లిన ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం. వారంటీ దాటితే కొత్త కూలర్ తీసుకోవడమే మేలు, ఎందుకంటే ఇన్నేళ్లలో ట్యూబుల గుండా కొంత నీరు ఆవిరై పోయి ఉంటుంది. ఫిట్టింగ్‌ల దగ్గర తడి గానీ, ఎండిన మరక గానీ కనిపిస్తే ఆ కూలర్‌ను ఇంకొక్కసారి కూడా ఆన్ చేయకండి.

కొత్తది బిగించిన రోజే 2వ మెట్టులోని పరీక్ష చేసి, గది వేడి, వాట్లతో సహా లాగ్‌ను తేదీ వేసి దాచుకోండి.